‘త్వరిత చకోరకం’ ఏ ప్రతిలో ఉంది? (పాప పేరు కోసం అడుగుతున్నాను)

పాలమూరి తాత
మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి ఈ రోజుకు పద్నాలుగు రోజులు. రేవతి మూడో పాదం. అయ్యగారు ‘చా’ అక్షరం ఇచ్చారు. ఇరవై ఒకటో రోజు తొట్టెల, పేరు పెట్టే వేడుక. అంటే నాకు సరిగ్గా వారం గడువుంది.

మా నానమ్మ జొన్నలు చెరుగుతూ పద్యాలు పాడేది. అందులో ‘పూర్ణేందు చంద్రికా త్వరిత చకోరకం’ అన్న ముక్క నా చెవిలో మిగిలిపోయింది. చేట పైకి లేచినప్పుడల్లా ఆ ‘త్వ’ మీద ఒక ఊనిక పడేది. పోతన అని తెలుసు, మందార మకరందం అని తెలుసు, దయచేసి అవి చెప్పకండి. మొన్న పుస్తకం తీసి చూస్తే అక్కడ ‘స్ఫురిత’ అని ఉంది. ‘త్వరిత’ అని ఉన్న ప్రతి ఎవరైనా చూశారా?

ఆ ముక్క గుర్తుగా పాపకు ‘చంద్రిక’ అని పెడదామన్నాను. మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. “ఊరికొక చంద్రిక ఉంది నాన్నా, పైగా అది సబ్బు పేరు” అంటుంది. వాళ్ల వీధి అంగన్‌వాడీలో ఇప్పటికే ముగ్గురు సహస్రలు ఉన్నారు. టీచరమ్మ ఒక్క పేరు పిలిస్తే ముగ్గురు లేచి నిలబడుతున్నారట. ఆ భయం ఆమెకు పట్టుకుంది.

ఛందోదాసు
తాతగారూ, ప్రతులు వెతికే పని లేదు. సీసపాదం మొదటి సగంలో ఒకటో గణానికీ (అక్షరాల గుంపుకూ) మూడో గణానికీ యతి కుదరాలి, అంటే వాటి మొదటి అక్షరాలకు పొత్తు ఉండాలి. పూర్ణేందు / చంద్రికా / స్ఫురితచ / కోరకం. ‘పూ’కు ‘స్ఫు’లోని ‘ఫు’ సరిపోయింది. అక్కడ ‘త్వ’ వస్తే యతి కూలిపోతుంది. గణం మాత్రం చెడదు, అదీ ఇదీ నాలుగు లఘువులే, పొట్టి అక్షరాలే. అందుకే మీ నానమ్మగారి చేట తడబడలేదు. పోతన ‘త్వరిత’ అనలేదు. చర్చ ముగిసింది.

వెన్నెలపులుగు
ఛందోదాసుగారు చర్చ ముగిసిందని ప్రకటించడం ఈ నెలలో నాలుగోసారి.

కొల్లాపురం మామిడి
యతి లేకపోతేనేమి, సీసంలో ప్రాసయతి చెల్లుతుంది కదా, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు! పూర్ణేందులో రెండో అక్షరం ‘ర్ణే’, త్వరితలో రెండో అక్షరం ‘రి’. రేఫ ఉంది. నానమ్మగారి పాఠం నిలుస్తుంది.

ఛందోదాసు
నిలవదు. ‘ర్ణ’కు ‘ర’ ప్రాస కాదు. అది సంయుక్తాక్షరం, ఇది ఒంటి అక్షరం. దానికి తోడు ప్రాసకు ముందున్న అక్షరాలు రెండూ గురువులో రెండూ లఘువులో కావాలి. ‘పూ’ గురువు, ‘త్వ’ లఘువు. కొల్లాపురంలో మామిడి బాగా పండుతుంది, ప్రాసయతి పండినట్టు లేదు.

వెన్నెలపులుగు
‘స్ఫు’ అని ఒప్పుకుందాం. దాని అర్థం మాత్రం ఎవరూ పట్టించుకోరెందుకు? చాలామంది ‘వెన్నెలలో ప్రకాశించే చకోరం’ అని చెప్పి దాటిపోతారు. నాకు అది మింగుడుపడదు. నాలుగు పాదాలనూ పక్కపక్కన పెట్టుకోండి. తుమ్మెద తేనె మాధుర్యంలో ‘తేలుతుంది’. రాయంచ అలల మీద ‘తూగుతుంది’. కోయిల లేత మామిడి చిగుళ్లు తిని ‘చొక్కుతుంది’. మూడూ మైకం మాటలే. నాలుగో పాదానికి వచ్చేసరికి అలాంటి తెలుగు క్రియ లేదు, ఉన్నది ‘స్ఫురిత’ ఒక్కటే. ఆ మైకం బరువంతా దాని మీదే పడాలి. స్ఫురించడమంటే అదరడం, కదలడం కూడా. వెన్నెల తాగి ఒళ్లు పులకించి వణికే పక్షి అది. మెరిసేది కాదు.

ఇంకొకటి కూడా చూడండి, ‘అలాంటిది ఇంకో చోటికి పోతుందా?’ అని అడగడానికి నాలుగు పాదాల్లో నాలుగు వేర్వేరు క్రియలు: వోవునే, సనునే, సేరునే, అరుగునే. ఒక్కటీ మళ్లీ వాడలేదు ఆ మహానుభావుడు.

పాలమూరి తాత
అమ్మా, చాలా బాగా చెప్పారు. కానీ వణికే పక్షికి ‘త్వరిత’ మాత్రం పనికిరాదా? వెన్నెల కోసం తొందరపడే పక్షి మంచులోకి పోతుందా అని. మా నానమ్మ పాడుతుంటే నాకు అలాగే తోచేది.

ఛందోదాసు
అర్థం కుదిరినంత మాత్రాన పాఠం కాదు.

నీలగిరి
(ఊటీ నీలగిరి కాదు, నల్లగొండ పాత పేరు. 1922లో మా ఊరి నుంచి వెలువడిన పత్రికకూ అదే పేరు.)

తాతగారూ, అందరూ ‘స్ఫు’లో ఇరుక్కున్నారు, నేను పాప సంగతికి వస్తాను. మా తరగతిలో యాదగిరులు నలుగురు. యాదగిరిగుట్ట మొక్కు లేని ఇల్లు ఉండేది కాదు కదా. పొట్టి యాదగిరి, పటేల్ల యాదగిరి, సైకిలు యాదగిరి, ఒట్టి యాదగిరి. నేను ఒట్టి యాదగిరిని. జాన్‌పహాడ్ దర్గా వైపు ఊళ్లలో సైదులు అని పిలిస్తే సగం వీధి పలుకుతుంది, అందులో హిందువులెందరో ముస్లింలెందరో ఎవరూ లెక్కపెట్టరు. చెరువుగట్టు చుట్టూ రామలింగయ్యలు. మీ వైపు కురుమూర్తి జాతర పుణ్యమా అని కురుమయ్యలు. అప్పట్లో పేరు పదిమందికి ఉండడం గర్వం, దేవుడు పలికాడని గుర్తు. ఇప్పుడు అదే పెద్ద నేరమయింది.

వెన్నెలపులుగు
ఒట్టి యాదగిరి అన్న మాట నాకు చాలా నచ్చిందండీ. ‘వట్టి’ అని కాకుండా ‘ఒట్టి’ అనే రాస్తారా?

నీలగిరి
అదొక వేరే చర్చ. ఇక్కడ మొదలుపెట్టకండి.

కొల్లాపురం మామిడి
ప్రాసయతి పోతే పోయింది. చంద్రిక మా ఇంటి ఆడపడుచు, ఆ పేరును ఊరికొకటి అని తీసిపారేయడం నేను సహించను. చంద్రికా పరిణయం రాసిన సురభి మాధవరాయలు జటప్రోలు ప్రభువు. అంటే మా కొల్లాపురం సంస్థానం. వసుచరిత్ర దారిలో శ్లేషలు గుప్పిస్తూ నడిపిన ప్రబంధం అది. అందులో నాయకుడు సుచంద్రుడు. మీకు మనుమరాలి పేరుతో పాటు మనుమడల్లుడి పేరు కూడా దొరికింది. పాత జటప్రోలు శ్రీశైలం జలాశయంలో మునిగినప్పుడు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి కొత్తచోట నిలబెట్టారు. గుడినే మోసుకొచ్చుకున్న వాళ్లం, ఒక పేరును మోయలేమా?

పాలమూరు పిల్లకు పాలమూరు ప్రబంధనాయిక పేరు. ఇంతకంటే ఏమి కావాలి?

ఛందోదాసు
ఆ ప్రబంధం మీరు ఎన్ని ఆశ్వాసాలు చదివారో చెప్పగలరా?

కొల్లాపురం మామిడి
మొదటిది. రెండోదానిలో కొంత. అది అవసరమా ఇక్కడ?

పోనీ ‘సురభి’ అని పెట్టండి. ఎలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెలుగు చేస్తూ నీతి పద్యాలన్నిటినీ ‘సురభిమల్లా! నీతివాచస్పతీ!’ అని ముగించాడు. అంతకంటే ఘనమైన పేరు ఉంటుందా?

పాలమూరి తాత
‘సు’ శతభిషానికి బాబూ. మాది రేవతి. దే, దో, చా, చీ. ఈ నాలుగు దాటితే మా వియ్యపురాలు ఊరుకోదు.

అచ్చంపేట అడవి
అక్షరం కచ్చితంగా ‘చా’ అయితే చంద్రికలో ఉన్నది ‘చ’ కదా. హ్రస్వం. వియ్యపురాలు దాన్ని ఒప్పుకుంటారా? ఆ లెక్కన ‘చాందిని’ సరిగ్గా సరిపోతుంది. అర్థం వెన్నెలే. పాలమూరులో ఉర్దూ ఎవరికి పరాయిది?

వెన్నెలపులుగు
చాందినీ అంటే మన తెలుగులో పెళ్లి పందిట్లో పైన కట్టే గుడ్డ కూడా. పాపను ఏడిపించేవాళ్లకు ఇంకేమి కావాలి. సబ్బు మేలు.

ఛందోదాసు
హ్రస్వదీర్ఘాల పట్టింపు కంటే ముందు ఉచ్చారణ తేల్చుకోండి. చంద్రికలో చకారం తాలవ్యం (నాలుక అంగిలికి తగిలేది), అది తత్సమం, అంటే సంస్కృతం మాట కాబట్టి. మన ఊళ్లలో చందమామను దంత్యంగా (నాలుక పళ్లకు తగిలేలా) ‘ౘందమామ’ అంటాం. పాపను ఇంట్లో ముద్దుగా పిలిచేటప్పుడు ‘ౘంద్రమ్మ’ అయిపోతుంది. అయ్యగారు ఇచ్చిన అక్షరం తాలవ్యమా, దంత్యమా?

వెన్నెలపులుగు
‘దంత్యతాలవ్యంబులయిన చజలు సవర్ణంబులు’ అని, అంటే ఆ రెండు చకారాలూ ఒకే జాతివని, చిన్నయసూరి బాలవ్యాకరణం మొదట్లోనే చెప్పి పెట్టాడు. మీకు గుర్తు చేయాల్సి వచ్చినందుకు చింతిస్తున్నాను.

ఛందోదాసు
సూత్రం నాకు తెలుసు. అది సంధికార్యాలకు. జాతకాలకు కాదు.

నీలగిరి
నాకొక సిద్ధాంతం తట్టింది. నవ్వకండి. అదే పద్యంలో పోతన ‘చనునే’ అనాల్సింది ‘సనునే’ అన్నాడు, ‘చేరునే’ అనాల్సింది ‘సేరునే’ అన్నాడు. గసడదవాదేశం. అంటే చకారం సకారం అయింది. కాబట్టి ‘చ’ నక్షత్రంలో పుట్టిన పాపకు గసడదవాదేశం చేసి ‘సహస్ర’ అని పెట్టవచ్చు. అంగన్‌వాడీలో నాలుగో సహస్ర అవుతుంది.

ఛందోదాసు
తత్సమాలకు రాదు!

నీలగిరి
నవ్వవద్దన్నాను, కోపం తెచ్చుకోమనలేదు.

పాలమూరి తాత
ఆ సహస్ర మాట మీద నాకూ ఒక సందేహం ఉంది. సంస్కృతంలో సహస్రం నపుంసకలింగం కదా, ఆడపిల్ల పేరు ఎట్లా అయింది? లలితా సహస్రనామంలోంచి నామాన్ని వదిలి అంకెను తెచ్చుకున్నారు. వెయ్యి అని పేరు పెట్టుకున్నాక వెయ్యిమంది ఉన్నారని బాధపడితే ఎట్లా అని మా అమ్మాయితో అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

మంచుపూవు
ఇన్ని రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. మా అమ్మాయి పేరు నీహారిక. ఇప్పుడే పద్యం పూర్తిగా చూశాను. ‘అరుగునే సాంద్ర నీహారములకు’ అని ఉంది. అంటే చకోరం పోనే పోని చోటు పేరా మేము పెట్టుకున్నది?

వెన్నెలపులుగు
అయ్యో, అలా అనుకోకండి. పోతన కాదన్నది ‘సాంద్ర’ నీహారాన్ని, దట్టమైన మంచును. పలుచని మంచుతో ఆయనకు పేచీ లేదు. నీహారిక అని ఇప్పుడు మనం ఆకాశంలో నక్షత్రాలు పుట్టే వాయుమేఘాన్ని అంటున్నాం. మీ అమ్మాయి చకోరం కంటే చాలా పైనే ఉంది.

కొల్లాపురం మామిడి
నీహారికలు కూడా ప్రతి తరగతిలో ఇద్దరున్నారు లెండి.

మంచుపూవు
మా అమ్మాయి తరగతిలో ముగ్గురు.

ఛందోదాసు
అసలు విషయానికి వద్దాం. తాతగారూ, మీ నానమ్మగారు ఏ ముద్రణ చూసి చదివారో చెప్పగలరా? కాగితం రంగు, అట్ట, చివరి పుట లేకపోవడం, ఏదైనా సరే. ఎక్కడో ఒక ప్రతిలో లేఖకుడి పొరపాటుగా ‘త్వరిత’ పడి ఉండవచ్చు. అది దొరికితే ఒక పాఠాంతరంగా నమోదు చేయవచ్చు. నేనే రాసి ఉంచుతాను.

పాలమూరి తాత
ఆమెకు చదువు రాదు బాబూ. వేలిముద్ర. పుట్టింట్లో వాళ్ల నాయన పాడుతుంటే విని నేర్చుకుంది. ‘స్ఫు’ అనడానికి నోరు తిరిగేది కాదేమో, నాకు ఇప్పుడు తోస్తోంది. స్కూలును కూడా ‘ఇస్కూలు’ అనేది.

ఛందోదాసు
అలాగా.

సకార పూర్వక సంయుక్తం పదాదిలో పలకడం కష్టమే. ఇకారం ముందు చేరిస్తే ఒక గురువు పెరిగి నడక చెడుతుంది. అందుకని అక్కడ నాలుగు లఘువులకు సరిపోయే మరో మాట పెట్టుకున్నారు. అర్థం చెడకుండా, తాళం చెడకుండా. యతి ఒక్కటే పోయింది. నిజానికి మంచి చెవి.

వెన్నెలపులుగు
ఛందోదాసుగారు యతి ‘ఒక్కటే’ పోయింది అన్నారు. ఈ మాట దాచిపెట్టుకుంటున్నాను.

నీలగిరి
‘త్వరిత’ అనే పెట్టండి తాతగారూ! ఏ బడిలోనూ ఇంకొకరు ఉండరు.

పాలమూరి తాత
‘త్వ’ రేవతికి లేదు.

అచ్చంపేట అడవి
ఇన్ని మాట్లాడారు, మొదటి పాదంలో ‘మదనములకు’ అంటే అందరూ ఉమ్మెత్త అని ఎలా ఒప్పుకున్నారు? ఉమ్మెత్త మా ఊళ్లో పెంటకుప్ప పక్కన కూడా మొలుస్తుంది, దాన్ని పోతన పద్యంలో పెట్టాడంటే నాకు మనసొప్పదు. వైద్యంలో మదనఫలం అంటే మంగకాయ. మంగచెట్టు నల్లమలలో ఎంత కావాలంటే అంత. మూడో పాదంలోని కుటజం కూడా అడవి చెట్టే, కొడిసె, బెరడు పరమ చేదు. జిగట విరేచనాలకు మా వైపు దాని కషాయమే ఇచ్చేవాళ్లు. లేత మామిడి చిగురు తిన్న కోయిల ఆ చేదు చెట్టుకు ఎందుకు పోతుంది? ఆ జోడీ చూస్తే మొదటి పాదంలోనూ అడవి చెట్టే ఉండాలి.

ఛందోదాసు
మదనమంటే ఉమ్మెత్త అన్న అర్థం నిఘంటువుల్లో ఉంది. మత్తు కలిగించేది కాబట్టి మందారానికి ఎదురు నిలుస్తుంది.

అచ్చంపేట అడవి
మంగ కూడా ఉంది నిఘంటువుల్లో. రెండూ ఉన్నాయి. ఎంచుకున్నది మీరు.

కొల్లాపురం మామిడి
మదన అంటే మా మదనగోపాలస్వామి…

ఛందోదాసు
వద్దు.

పాలమూరి తాత
నిన్న తొట్టెల అయింది. పాపను మేనత్త తొట్టెలలో వేసింది, చెవిలో పేరు కూడా చెప్పింది. వెనక పిల్లల గోల, ముందు మా వియ్యపురాలి పాట, నాకు వినపడలేదు. అడిగితే మా అమ్మాయి, ఆమె ఆడబిడ్డ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంచారట. నమోదైన ఏడాది లోపు ఎప్పుడు చేర్చినా రుసుము లేదు. ఆ మాట మునిసిపాలిటీ కౌంటరులో రెండుసార్లు అడిగి రాసుకుని మరీ వచ్చాను.

ప్రస్తుతానికి అందరూ ‘చిట్టి’ అంటున్నారు. ‘చి’ నాలుగో పాదం అని అయ్యగారు గొణిగారు.

మంగచెట్టు మాట నిజమేనా? మా పొలం గట్టున ఒకటి ఉన్నట్టు గుర్తు. తుమ్మెదలు వాలేవో లేదో గమనించలేదు.

అచ్చంపేట అడవి
రేపు అడవికి పోతున్నాను. ఫొటో పెడతాను. పూవు కాదు, ముందు ఆ ముల్లు చూడండి.