సొంత ఐడీ రిజెక్ట్ అవుతుంటే క్రియేటర్ అకౌంట్ అక్క పేరు మీద తెరవడం తప్పా?

కీబోర్డ్ తమ్ముడు (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)
బెంగళూరులో ఉన్న తెలుగు క్రియేటర్లు ఎవరైనా సలహా చెప్పండి. నేను ఆన్‌లైన్‌లో మ్యూజిక్ కీబోర్డ్ పాఠాలు చెబుతాను. ఇన్నాళ్లూ ఫ్రీగానే పెట్టాను. ఇప్పుడు నెలకింత అని సభ్యత్వం పెట్టుకునే ఒక ప్లాట్‌ఫామ్‌లో చేరదామని చూస్తున్నా, దాని పేరు ఎందుకులెండి. ఐడీ ముందూ వెనకా ఫొటోలు, ఐడీ చేత్తో పట్టుకుని సెల్ఫీ, బ్యాంకు వివరాలు అడిగారు. అన్నీ ఇస్తే పేరు సరిపోలేదని తిప్పికొట్టారు.

నా పేపర్ల సంగతి ఇదీ. ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది, తర్వాత పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ చివర్లో. బ్యాంకులో టెన్త్ మెమోలో ఉన్నట్టు ఇంటిపేరు ముందు. మూడూ నేనే, కానీ కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులం. పైగా ఆధార్ అడ్రస్ ఒంగోలు దగ్గర మా ఊరిది, ఉండేది ఇక్కడ పీజీలో.

మా అక్క వైట్‌ఫీల్డ్‌లో ఐటీ జాబ్ చేస్తోంది. పాస్‌పోర్ట్ ఉంది, పేరు అన్నింట్లో ఒకేలా ఉంది. "నా పేరు మీద తెరువు, డబ్బు పడగానే నీకు పంపేస్తా" అంటోంది. రూమ్మేట్ ఒకడు తప్పేముంది అంటాడు, ఇంకొకడు బ్యాన్ చేస్తారంటాడు. మీరేమంటారు?

కడప కుర్రోడు
తెరిచెయ్ బ్రో. మన ఇళ్లల్లో ఏది ఎవరి పేరు మీద ఉందో ఒకసారి చూడు. పొలం తాత పేరు మీద, బండి అన్న పేరు మీద, నేను వాడే సిమ్ మా అమ్మ పేరు మీద. ఎవరికీ ఏమీ కాలేదు. యూట్యూబ్ డబ్బులు యాడ్‌సెన్స్ అనే గూగుల్ అకౌంట్ ద్వారానే వస్తాయిగా, 18 నిండని పిల్లలైతే అమ్మానాన్నల అకౌంట్‌తో దానికి అప్లై చేసుకోవచ్చని గూగులే చెబుతోంది. అంటే ఇంట్లోవాళ్ల పేరు పెట్టడం మహాపాపమేమీ కాదు. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరిగే లోపు నీ శిష్యులు ఇంకో మాస్టారిని వెతుక్కుంటారు.

పద్దుల పుస్తకం (జయనగర్)
కడప కుర్రోడు చెప్పింది 18 లోపు వాళ్ల సంగతి. పీజీలో ఉండి బ్యాంకు అకౌంట్ నడుపుతున్న మనిషికి అది వర్తించదు. నేను ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను, కాబట్టి డబ్బు వైపు నుంచి చెబుతాను.

డబ్బు ఏ పాన్ మీద పడితే ఆదాయం ఆ మనిషిదనే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ముందు లెక్కేస్తారు. తమ్ముడూ, నీ పేరు మీద వస్తే బహుశా అసలు పన్నే పడని మొత్తం, మీ అక్క జీతం మీద కలిసేసరికి ఆవిడ పై స్లాబ్‌లో కోత పడుతుంది. ఆ పన్ను ఎవరు కట్టాలి? మొదటి ఏడాది అక్క నవ్వుతూ కడుతుంది. బావ వచ్చాక లెక్క అడుగుతాడు.

బావ అంటే గుర్తొచ్చింది. మన సంబంధాల సంగతి తెలిసిందేగా, అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడంటే ఇంట్లో ఎవరూ రెండో మాట అనరు. యూట్యూబ్ లాంటి అమెరికా సంస్థలు మనలాంటి వాళ్లకు డబ్బిచ్చే ముందు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపిస్తాయి. నేను అమెరికా పన్ను పరిధిలో ఉన్నవాడిని కాదు అని చెప్పే కాగితం అది, అందులో మన పాన్ నంబర్ ఇస్తాం. యూట్యూబ్ సంగతి తీసుకుంటే, ఆ ఫారం నింపి భారత్-అమెరికా పన్ను ఒప్పందం క్లెయిమ్ చేసుకుంటే అమెరికా వీక్షకుల వల్ల వచ్చిన ఆదాయం మీద మాత్రమే 15 శాతం పట్టుకుంటారు. అసలు ఏమీ నింపకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలో 24 శాతం దాకా పోవచ్చు.

ఇప్పుడు మీ అక్క పెళ్లయి అక్కడికి వెళ్లి, అక్కడి ట్యాక్స్ రెసిడెంట్ అయిందనుకో. ఆ ఫారం ఇక చెల్లదు, అమెరికా పన్ను పరిధిలో ఉన్నవాళ్లు ఇచ్చే డబ్ల్యూ-9 ఇవ్వాలి. బీటీఎంలో కూర్చుని నువ్వు చెప్పిన సరిగమల డబ్బు ఆవిడ అమెరికా రిటర్న్‌లోకి ఎక్కుతుంది.

కడప కుర్రోడు
అన్నా, పెళ్లిచూపులు కూడా కాలేదు, మీరు అప్పగింతల దాకా వెళ్లిపోయారు.

పద్దుల పుస్తకం
మా ఆఫీసుకి వచ్చే సగం గొడవలు అప్పగింతల తర్వాతవే బాబూ.

పచ్చడి జాడీ (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)
నాది వంటల ఛానెల్. పెళ్లయ్యాక పాన్‌లో ఇంటిపేరు మార్చారు, ఆధార్‌లో పుట్టింటిదే ఉండిపోయింది. అప్పట్లో ఇంట్లో అందరూ కలిసి మా ఆయన పేరు మీద పేమెంట్ అకౌంట్ పెట్టేశారు. ఆయన మంచివారు, ఒక్క రూపాయి లెక్క తప్పలేదు. నా గొడవ అది కాదు.

పచ్చళ్లు అమ్మడం మొదలుపెట్టి, పెద్ద గ్రైండర్ కోసం లోన్‌కి ఒక బ్యాంకుకి వెళ్లాను. "మీ రిటర్నులు తెండి మేడమ్" అన్నాడు ఆఫీసరు. ఛానెల్ తీసి చూపించాను, నా ముఖమే, నా గొంతే. ఆయన ఓపిగ్గా చూసి "సార్‌ని అప్లై చేయమనండి, వెంటనే వస్తుంది" అన్నాడు. రుబ్బింది నేను, ఆదాయం ఉన్న మనిషి మాత్రం ఆయన. నాకు దొరికింది బంగారం మీద లోన్ ఒక్కటే.

తమ్ముడూ, అక్క మోసం చేస్తుందా అనే భయం అక్కర్లేదు. నువ్వు సంపాదిస్తున్నావని చెప్పే కాగితం ఒక్కటీ నీ దగ్గర ఉండదు, అది ఆలోచించుకో.

కడప కుర్రోడు
మేడమ్ మాట ఒప్పుకుంటా. కానీ యూట్యూబ్‌లో ఛానెల్‌కి ముడిపెట్టిన యాడ్‌సెన్స్ అకౌంట్‌ని మార్చుకోవచ్చు, 32 రోజులకు ఒకసారి వీలుంటుంది. ముందు ఇంట్లోవాళ్లది పెట్టి, పేపర్లు సరయ్యాక సొంతది పెట్టుకోవచ్చుగా?

పచ్చడి జాడీ
యూట్యూబ్‌లో అవును, నేనూ అలాగే మార్చుకుంటున్నా. తమ్ముడు అడుగుతున్నది అది కాదు. అక్కడ ఐడీ పట్టుకుని సెల్ఫీ ఇవ్వాలి. అంటే అక్క ముఖం. పాఠం చెప్పే ముఖం తమ్ముడిది. ఇలాంటి చోట్ల డబ్బు తీసుకునేటప్పుడు మళ్లీ లైవ్ సెల్ఫీ అడగొచ్చు. అర్ధరాత్రి అక్కని లేపి తల కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అంటావా?

యాడ్‌సెన్స్‌కీ ఇంకో తలనొప్పి ఉంది. బ్యాలెన్స్ 10 డాలర్లకు చేరాక అడ్రస్ చూసుకోవడానికి పోస్టులో పిన్ పంపుతారు. మామూలు ఉత్తరం, కొరియర్ కాదు. పీజీల్లో ఉత్తరాలు మెట్ల కింద చెప్పుల స్టాండ్ పైన పడుంటాయి. పోస్టుమ్యాన్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది.

సిల్క్‌బోర్డ్ బాధితుడు
అందరూ పేరు దగ్గరే ఆగిపోయారు. అసలు ఆధార్ ఎందుకు ఇస్తున్నారండీ? 2018లో సుప్రీంకోర్టు ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగే వీలు కల్పించిన ఆధార్ చట్టం సెక్షన్ 57ని ఆ మేరకు కొట్టేసింది. తర్వాత 2019 సవరణతో మనం ఇష్టపడి ఇచ్చే దారి వచ్చింది. "ఇష్టపడి" అన్నది గుర్తుపెట్టుకోండి.

2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే ఎవరికిపడితే వాళ్లకి జిరాక్స్ ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడతారని కేంద్రం రెండు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. సలహా తప్పని కాదు, అపార్థం చేసుకుంటారని. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ ఏం చెప్పిందో చూశారా? వాళ్లకి కస్టమర్ సర్వీస్ చేసిపెట్టే బయటి సంస్థ దగ్గర సుమారు 70 వేల మంది ప్రభుత్వ ఐడీల ఫొటోలు బయటపడి ఉండొచ్చని. వాళ్లంతా వయసు నిరూపించుకోవడానికి ఇచ్చినవాళ్లే.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఐడీ పట్టుకున్న సెల్ఫీ పోతే ముఖం ఎక్కడ మార్చుకుంటాం? పాస్‌పోర్ట్‌కి అప్లై చెయ్. లేదంటే డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వు. అక్క ఐడీ ఇవ్వడమైతే ఇంకా ఘోరం. లీకైతే నష్టం ఆవిడది.

కీబోర్డ్ తమ్ముడు
లైసెన్స్ లేదు సార్. మాస్క్‌డ్ ఆధార్ పీడీఎఫ్ కూడా ట్రై చేశా. ఫైల్ తెరుచుకోవడం లేదన్నారు.

పచ్చడి జాడీ
దానికి పాస్‌వర్డ్ ఉంటుంది బాబూ. పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దబడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. అవతలి వాళ్లకి అది తెలియదుగా. తెరిచి, పాస్‌వర్డ్ లేకుండా మళ్లీ సేవ్ చేసి పంపాలి. అయినా నంబర్‌లో ఎనిమిది అంకెలు కనపడకపోతే ఎవరో చెరిపేశారనుకుని తిప్పికొట్టే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి.

కార్డు ఫొటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద తీయకు. లామినేషన్ మీద తెల్ల గీత పడి, సరిగ్గా పుట్టిన తేదీ మీదే కూర్చుంటుంది. పొద్దున కిటికీ పక్కన, నల్ల బట్ట మీద పెట్టి తియ్యి. నాలుగు మూలలూ కనపడాలి. పాత ఆధార్ కార్డుల్లో కొన్నింట్లో పుట్టిన సంవత్సరమే ఉంటుంది, తేదీ ఉండదు. నీది అలాంటిదైతే వయసు దగ్గర ఆగిపోతుంది.

ఫాస్ట్ సర్వీస్
మడివాల వైపు ఒక షాపులో పేరు సరిచేసి కొత్త కార్డులా ప్రింట్ తీసి ఇస్తారు. వివరాలకు మెసేజ్ చేయండి.

పద్దుల పుస్తకం
ఎవరూ మెసేజ్ చేయకండి. ప్రభుత్వ ఐడీలో అక్షరం మార్చి ప్రింట్ తీయడం అప్‌డేట్ కాదు, ఫోర్జరీ. ఐడీలో ఇంటిపేరు ఎటు ఉందనే టెన్షన్ అప్పుడు చిన్నదైపోతుంది.

తమ్ముడికి వరస చెబుతా. ముందు ఆధార్‌లో పేరు పూర్తిగా వేయించు. పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి సెంటర్‌లో స్క్రీన్ మీద స్పెల్లింగ్ నువ్వే చదువుకుని, ఆ తర్వాతే సరే అను. ఆధార్ సరయ్యాక దాన్ని చూపించి పాన్ కరెక్షన్ పెట్టు. రెండూ ఒకేలా అయ్యాక బ్యాంకుకి వెళ్లు. ముందు బ్యాంకుకి వెళితే వాళ్లు మళ్లీ ఆధార్ దగ్గరికే పంపుతారు.

కీబోర్డ్ తమ్ముడు
సార్, ఇంటిపేరు ముందు పెట్టాలా, చివరా?

పద్దుల పుస్తకం
ఆధార్‌లో పేరు మొత్తానికీ ఒకటే గడి. పాన్ ఫారంలో ఇంటిపేరుకి, అసలు పేరుకి, మధ్య పేరుకి వేరువేరు గడులుంటాయి. ఇంటిపేరు దాని గడిలోనే రాయి. కార్డు మీద పేరు ఎలా ప్రింట్ కావాలో అడిగే చోట మాత్రం ఆధార్‌లో ఉన్న వరసే ఇవ్వు. పాన్ నంబర్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు నుంచి వస్తుంది, కానీ దిద్దించినంత మాత్రాన నంబర్ మారదు, భయపడకు.

కడప కుర్రోడు
ఇంత తతంగం అయ్యేసరికి సంక్రాంతి వస్తుంది. పేపర్లు సరిచేయించుకోమనే నేనూ అంటా. కానీ ఈలోగా అక్క పేరు మీద నడిపితే కొంపలేం మునగవని నా మాట. ప్లాట్‌ఫామ్ వాడికి మన ఇంటిపేర్లు అర్థం కాకపోతే శిక్ష మనకెందుకు?

సిల్క్‌బోర్డ్ బాధితుడు
ఈ చివరి ప్రశ్న ఒక్కటి నాకూ నచ్చింది. ఇంటిపేరు ముందు వచ్చే జనం కోట్లల్లో ఉన్నారని వాళ్ల సపోర్ట్‌కి రాయి తమ్ముడూ. మూడు చోట్లా పుట్టిన తేదీ ఒకటే కదా, అది చూసి మనిషి చేత మళ్లీ చెక్ చేయించమని అడుగు.

కీబోర్డ్ తమ్ముడు
రాశాను. అక్కకి ప్రస్తుతానికి వద్దన్నా. ఆధార్ సెంటర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. టెన్త్ మెమో ఒరిజినల్ ఊళ్లో బీరువాలో ఉంది, రేపటి ట్రావెల్స్ బస్సులో పార్సిల్ వేయమని నాన్నకి చెప్పా. మడివాలలో దించుకోవాలి.