కొట్టు మనదే, వచ్చిన బేరం కాదనొచ్చా?

బరంపురం ఫ్లెక్సీ షాపు:
ఠాకురాణి యాత్ర రోజుల్లో మాకు ఊపిరాడదు. ఆ రద్దీలో ఓ కుర్రాడు ఫోన్‌లో డిజైన్ తెచ్చాడు. కింద రాత ఇంకో మతం వాళ్లని బూతులు తిట్టినట్టే ఉంది. కొట్టనన్నాను. "షాపు తెరిచాక ఎవరడిగినా కొట్టాలి, కన్స్యూమర్ కోర్టుకెళ్తా" అని అరిచాడు. అది పోయిందనుకుంటే, ఓ చికెన్ సెంటర్ బోర్డు ఆర్డరొస్తే కౌంటర్లో ఉన్న మా మావయ్య "దేవుడి పటం పెట్టిన చోట అలాంటివి వెయ్యం" అని పంపించేశారు. ఏది ఒప్పు, ఏది తప్పు? తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి ప్లీడరు:
కోర్టు బెదిరింపుకి హడలిపోకండి, బేరమే కుదరలేదు కదా. ఆ రాత అచ్చేస్తే మీ మీదే కేసు పడొచ్చు, కొత్త న్యాయసంహితలో మతాల మధ్య పగ రేపడం మీద 196వ సెక్షన్ ఉంది. ఒప్పుకీ తప్పుకీ మధ్య అసలు హద్దు రాజ్యాంగం 15(2)లో ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటి పేరు చెప్పి ఎవరినీ దుకాణంలోకి, హోటల్లోకి రానివ్వకపోవడం కుదరదు. ప్రైవేటు కొట్టుకీ వర్తిస్తుంది. దుకాణం అన్న మాటని విశాలంగా చదవాలని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటరానితనం పేరుతో సరుకు అమ్మకపోతే 1955 పౌరహక్కుల చట్టం కింద నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ జరిమానా చూస్తే నవ్వొస్తుంది గానీ జైలు జైలే.

సిరొంచ కిరాణం:
మా గడ్చిరోలి జిల్లాల 1993 సంది దారు బందే. నేనైతే సిగరెట్లు, బీడీలు సుత పెట్ట. ఎవడన్న అడిగితే లేవంట, గంతే. గది నా ఇష్టం. కని మా తమ్ముడు, మరదలు లవ్ మ్యారేజ్. ఓ లాడ్జిల ఆధార్లు చూసి, ఇంటిపేర్లు వేరని రూమ్ ఇయ్యలే. ఫోన్ల పెండ్లి సర్టిఫికెట్ చూపిచ్చినా "ఓనర్‌కు ఇష్టం లేదు" అన్నరట. గది సుత ఇష్టమేనా వకీల్ సాబ్?

పర్లాకిమిడి ప్లీడరు:
పెళ్లయిందా లేదా అన్నది ఆ అయిదింటిలో లేదన్నా. కులాలు వేరని తోలేస్తే మాత్రం తప్పే. రుజువు చెయ్యడమే గగనం.

గుణుపురం టైలరమ్మ:
నేను ఆడవాళ్ల బట్టలే కుడతాను. మగాయన పెళ్లాం జాకెట్టు తెస్తే తీసుకుంటాను. ఓసారి హిజ్రా ఒకావిడ వచ్చింది. టేపు పట్టబోతే తనే వెనక్కి జరిగింది. ఇంకో షాపులో టేపు బల్ల మీద విసిరి "నువ్వే కొలుచుకో" అన్నారట. నేను కొలిచి కుట్టాను. ఎదురింటి వాళ్లు వారం గొణిగారు, గొణుక్కోనీ.

పర్లాకిమిడి ప్లీడరు:
అలాంటివాళ్లకి సేవ నిరాకరించకూడదని 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం ఉందమ్మా.

రాయగడ క్యాటరింగ్:
విదేశాల్లో ఈ గొడవ కేకు మీదే నడిచింది. ఉత్తర ఐర్లండ్‌లో స్వలింగ వివాహానికి మద్దతు రాతతో కేకు చెయ్యనన్న బేకరీని 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు సమర్థించింది. వాళ్లు కాదన్నది రాతని, మనిషిని కాదని. ఫ్లెక్సీ గురువుగారికి ఇది అతుకుతుంది. కానీ మన వైపు ఎవడండీ ఎదురుగా "మా నమ్మకం ఒప్పుకోదు" అనేది? మంగలి షాపులో కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఆ పేటవాడు రాగానే మిషన్ పాడైపోతుంది! మా వంటల్లోనూ అంతే, మాంసం పెళ్లిళ్లు ఒప్పుకోని వంటవాళ్లున్నారు, అది సరే. శాకాహారమే అయినా ఫలానా వీధి అనగానే "ఆ ముహూర్తానికి డేట్ లేదు" అనేవాళ్లూ ఉన్నారు. డైరీ తెరవకుండానే చెప్తారు!

పర్లాకిమిడి ప్లీడరు:
ఫ్లెక్సీ గారూ, చికెన్ బోర్డు వెయ్యనంటే మీ ఇష్టమే. అయితే ఒకటి చెప్పండి, మీ షాపులో ఇంతవరకూ మాంసం కొట్టు బోర్డు ఏదీ పడలేదా?

బరంపురం ఫ్లెక్సీ షాపు:
అదే చిక్కొచ్చింది సార్. పాత ఫైళ్లు తీస్తే మటన్ షాపు బోర్డొకటి దొరికింది, మావయ్యే దగ్గరుండి వేయించారు. వాళ్లు మావాళ్లే. ఈ చికెన్ సెంటర్ ఆయన సాయిబు.

పర్లాకిమిడి ప్లీడరు:
అయితే ఆ బోర్డు వెయ్యండి.

బరంపురం ఫ్లెక్సీ షాపు:
నంబరుంది, ఫోన్ చేస్తున్నా. మావయ్యని కౌంటర్ నుంచి లేపడం ఎలాగో అది కూడా చెప్పండి ఎవరైనా.