రయోన్ అంటే మండలమా, జిల్లానా?

ప్రశ్న: ఒక రష్యన్ కథని తెలుగు చేస్తున్నాను. అందులో 'రయోన్' అన్న మాట పదే పదే వస్తోంది. జిల్లా అనాలా, మండలం అనాలా? పాతిక ముప్పై వేల జనం ఉన్న చోటుని జిల్లా అంటే మనవాళ్లకి ఎబ్బెట్టుగా ఉండదూ?

జవాబు: నేనైతే జిల్లా అనే రాస్తానండి. జనాభా చూస్తే మండలం అనిపించే మాట నిజమే. కానీ పాలనలో దాని చోటు ఎక్కడో చూడండి. రష్యాలో ఓబ్లాస్త్, క్రాయ్, రిపబ్లిక్ అనేవి దాదాపు మన రాష్ట్రాల్లాంటివి. వాటి కింద నేరుగా వచ్చేది రయోనే. మండలం అని రాస్తే చదివేవాళ్లు దానిపైన ఒక జిల్లా ఉందనుకుంటారు. అక్కడ అది లేదు.

విస్తీర్ణం సంగతి కూడా ఉంది. క్రస్నొయార్స్క్ క్రాయ్‌లో ఎవెన్కీ రయోన్ 7,63,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా సుమారు 2,75,000. అంత నేల మీద 2010 జనగణనలో తేలిన మనుషులు 16 వేల చిల్లర! కేంద్రం తూరా, నిజ్న్యాయా తుంగూస్కా నది ఒడ్డున ఉంటుంది. 1908లో అడవిని నేలమట్టం చేసిన తుంగూస్కా పేలుడు జరిగింది ఈ రయోన్‌లోనే, వనవరా అనే ఊరికి వాయవ్యాన. రాకపోకలకి చలికాలంలో మంచు మీద వేసే దారులు, వరద వచ్చినప్పుడు పడవలు, మిగతా రోజుల్లో విమానం. 2006 చివరిదాకా ఇది స్వయంప్రతిపత్తి ఉన్న ఒక్రుగ్ అనే ప్రాంతం, 2007 జనవరి 1న క్రాయ్‌లో కలిశాక రయోన్ అయింది. దీన్ని 'ఎవెన్కీ మండలం' అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకొకటి, మీ కథ ఏ కాలానిదో చూసుకోండి. జారుల కాలంలో గుబేర్నియా, దాని కింద ఉయేజ్ద్, దాని కింద వోలొస్త్ ఉండేవి. 1920లలో సోవియట్ ప్రభుత్వం వాటిని తీసేసి రయోన్లు పెట్టింది. ఉయేజ్ద్‌కి నేను తాలూకా అంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలొచ్చాక అది పాతబడ్డ మాట, కాబట్టి ఆ కాలపు వాసన కూడా తెలుగులోకి వస్తుంది.

జిల్లా అన్నాం కదా అని రయోన్ పెద్దని మాత్రం కలెక్టర్ చేయకండి. కలెక్టర్ ప్రభుత్వం నియమించే అధికారి. రయోన్‌కి ఉండే 'గ్లవా' స్థానిక స్వపరిపాలన సంస్థకి అధిపతి. 1993 రాజ్యాంగం 12వ అధికరణం ఆ సంస్థల్ని రాజ్యాధికార అంగాల్లో చేర్చలేదు. 'జిల్లా అధ్యక్షుడు' అంటే సరిపోతుంది.

ఇంకో సభ్యురాలు: రష్యాలోని యాకూతియా రిపబ్లిక్ గురించి చదువుతుంటే 'ఉలూస్' అని కనబడింది. అది వేరా?

జవాబు: రయోన్ అంచెకే అక్కడి పేరండి. తువా అనే ఇంకో రిపబ్లిక్‌లో 'కొజూన్' అంటారు. ఈ రెంటినీ జిల్లాగా మార్చకుండా అలాగే ఉంచితే బాగుంటుంది, అవి ఆ జనం సొంత మాటలు.

మొదట అడిగినవారు: మరి రయోన్ కింద?

జవాబు: సోవియట్ కాలంలో సెల్సొవియెత్, అంటే గ్రామ సోవియట్; 2003 నాటి 131వ నంబరు చట్టం తర్వాత చాలాచోట్ల 'గ్రామీణ ఆవాసం' అనే అర్థం వచ్చే పేరు. ఒక్కోదాని కింద కొన్ని ఊళ్లుంటాయి కాబట్టి గ్రామ పంచాయతీ అనవచ్చు. ఊళ్లలోనూ తేడా ఉంది. పూర్వం చర్చి ఉంటే సెలో, లేకపోతే దెరేవ్న్యా. నేను ఊరు, పల్లె అని రాస్తాను. కొసాక్కులనే సైనిక సముదాయం వాళ్ల పెద్ద ఊరైన స్తనీత్సాని మాత్రం స్తనీత్సాగానే ఉంచండి.