డి అండ్ సి తర్వాత స్కాన్‌లో ‘ముక్కలు మిగిలాయి’ అంటే వెంటనే మళ్ళీ చేయించుకోవాలా?

ప్రశ్న

తొమ్మిదో వారంలో బిడ్డ గుండె ఆగిపోయిందని తెలిసి డి అండ్ సి (గర్భాశయం లోపల గీకి శుభ్రం చేయడం) చేయించుకుని నేటికి 12 రోజులైంది. ఇప్పుడు గోధుమరంగు మరకలే తప్ప రక్తస్రావం లేదు; జ్వరం, నొప్పి కూడా లేవు. నిన్నటి ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ రిపోర్టులో ఎండోమెట్రియం (గర్భాశయం లోపలి పొర) మందం 13 మిల్లీమీటర్లనీ, లోపల 16 x 11 మిల్లీమీటర్ల తెల్లని భాగం ఉందనీ, అందులో రక్తప్రసరణ కనిపించలేదనీ రాసి, చివర ‘ఆర్‌పీఓసీ కావచ్చు’, అంటే గర్భం తాలూకు ముక్కలు మిగిలి ఉండవచ్చు అన్నారు. రేపే మళ్ళీ డి అండ్ సి అంటున్నారు. కొన్నాళ్ళు ఆగవచ్చా? మాకింకా పిల్లలు లేరు.

సమాధానం 1 (సోనాలజిస్టు)

అమ్మా, మిమ్మల్ని చూడకుండా నిర్ణయం చెప్పడం తగదు గాని, స్కాన్ చేసే డాక్టరుగా రిపోర్టును ఎలా చదవాలో చెప్పగలను. డి అండ్ సి అయిన రెండు వారాలకే గర్భాశయం లోపల సన్నని గీతలా కనిపించాలని ఏమీ లేదు. గడ్డకట్టిన రక్తం, ఇంకా రాలవలసిన లోపలి పొర కూడా తెరమీద తెల్లగానే కనిపిస్తాయి. మందం ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ముక్క మిగిలినట్టే అని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. రక్తప్రసరణను రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టినప్పుడు గర్భాశయ కండరం నుంచి ఎరుపు, నీలం చుక్కలు ఆ తెల్లని భాగంలోకి పాకితే మాయ (ప్లాసెంటా) ముక్క అన్న అనుమానం బలపడుతుంది. మీకు అలా కనిపించలేదు కనుక రక్తపు గడ్డ కావచ్చు. అయితే రక్తం అందని మాయ ముక్క కూడా అలాగే కనిపిస్తుంది కాబట్టి డాప్లర్ ఒక్కదానితో తేల్చలేం. ‘కావచ్చు’ అని మేము రాసేది అందుకే.

గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అవేవీ లేనప్పుడు, ఒక నెలసరి అయ్యాక మళ్ళీ స్కాన్ చేసి చూద్దామా అని మీ డాక్టరుగారిని అడగడంలో తప్పు లేదు.

సమాధానం 2

నాకు ఇలాగే తొందరపడి రెండోసారి గీకారు. ఆ తర్వాత నెలసరి ఒక్కరోజు మరకలా వచ్చి ఆగిపోయేది. ఏడాది తిరిగాక హిస్టెరోస్కోపీ (గర్భాశయంలోకి సన్నని కెమెరా పంపి చూడడం) చేస్తే లోపలి గోడలు అతుక్కుపోయాయని తేలింది. దాన్నే ఆషర్మన్ సిండ్రోమ్ అన్నారు. నిజంగా తీయవలసి వస్తే, చూడకుండా గీకడానికి బదులు హిస్టెరోస్కోపీతో చూస్తూ తీయడం కుదురుతుందేమో తప్పక అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇంట్లో ప్రెగ్నెన్సీ మూత్రపరీక్ష చేస్తే రెండో గీత ఇంకా లేతగా వస్తోంది. అంటే ముక్క ఉన్నట్టేనా?

సమాధానం 1 (సోనాలజిస్టు)

అక్కర్లేదమ్మా. ఆ పరీక్ష పట్టే గర్భధారణ హార్మోను హెచ్‌సీజీ పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అనుమానముంటే రక్తంలో బీటా హెచ్‌సీజీ రెండుసార్లు, కొన్ని రోజుల ఎడంతో చూసి, తగ్గుతోందో లేదో గమనిస్తారు. అన్నట్టు, మొదటిసారి తీసినదాన్ని బయాప్సీకి పంపారా? మాయ కణజాలం వచ్చిందో లేదో, ముత్యాల గర్భం (మాయ కణజాలం అసహజంగా బుడగల్లా పెరిగే గర్భం) అవునో కాదో అందులో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

పంపామన్నారు గాని ఆ కాగితం మా చేతికి రాలేదు. ఉదయమే వెళ్ళి అడుగుతాను; అది చూసేవరకు రేపటి డి అండ్ సికి ఒప్పుకోను.