ఎవరూ గెలవని దాన్ని ఆట అనవచ్చా?

క్యారమ్స్ మనిషి, హనుమకొండ:
పోయిన ఆదివారం మా మేనల్లుడు, రోల్‌ప్లేయింగ్ గేమ్ అనే ఆట చూపిస్తానని కాజీపేటలో తన స్నేహితుడి గదికి తీసుకెళ్లాడు. నలుగురు కుర్రాళ్లు, కాగితాలు, పెన్సిళ్లు, మిర్చి బజ్జీల పొట్లం, 20 ముఖాల పాచిక ఒకటి. బోర్డు లేదు. ఒకడు కథ చెబుతున్నాడు: "వాన. వాగు పొంగింది. అవతలి గుడిలో దీపం కనబడుతోంది. ఏం చేస్తారు?" మావాడు ఈదుతానన్నాడు. పాచిక వేస్తే 3 పడింది. తాడు, మూట కొట్టుకుపోయాయి. నేనైతే ముఖం మాడ్చుకునేవాణ్ణి. వాడు పగలబడి నవ్వాడు. మూడు గంటల తరవాత "ఎవరు గెలిచారురా?" అంటే "ఇందులో గెలవడం ఉండదు మామయ్యా" అన్నాడు. రెడ్ వేసి ఫాలో తప్పితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. దీన్ని నాటకం అంటే సరిపోదా? ఆట ఎందుకు?

కథ నడిపేవాడు, వరంగల్:
నాటకంలో వాగు దాటుతాడో లేదో రాసినవాడికి ముందే తెలుసు. ఇక్కడ నాకే తెలియదు. మీరు ఒక పాత్ర అయిపోయి ఏం చేస్తారో చెబుతారు. అవుతుందో కాదో సందేహం ఉన్నచోట పాచిక తేలుస్తుంది. ఈతకు 15 కావాలని నేను అనుకుంటే, పడిన అంకెకు మీ పాత్ర బలం కలిపి 15కు చేరాలి. మీ పోరు వాగుతోనే, పక్కవాడితో కాదు. నాతో అసలే కాదు. కొత్తలో ఇది తెలియక, ఆటగాళ్లకు నేనే ప్రత్యర్థినన్నట్టు మూడో వారానికే అందరి పాత్రలనూ చంపేశాను. నాలుగో వారం ఎవరూ రాలేదు.

పాత లెక్కల మాస్టారు:
ఈ ఆట పుట్టింది మాత్రం పోటీ ఇంట్లోనే. బల్ల మీద సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాల నుంచి వచ్చింది. దళాలను నడిపేవాళ్లు ఒక్క మనిషిని నడపడం మొదలుపెట్టారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ తరహా ఆట 1974లో వచ్చింది. మరుసటి ఏడాదే బాల్టిమోర్‌లో జరిగిన ఆరిజిన్స్ అనే ఆటల సమావేశంలో దాన్ని పోటీగానూ ఆడించారు. అంటే పోటీ పెట్టుకోవచ్చు, తీసేసినా ఆట మిగులుతుంది. మీ క్యారమ్స్‌లో పాయింట్లు తీసేస్తే ఏం మిగులుతుంది?

క్యారమ్స్ మనిషి, హనుమకొండ:
పౌడరు మిగులుతుంది మాస్టారూ. సగం ఒప్పుకున్నాను.

కరీంనగర్ అమ్మాయి:
ఆ మిగతా సగం ఒప్పుకోకండి అన్నయ్యా. నియమాల్లో పోటీ లేదు, నిజమే. ఆడేవాళ్లలో ఉంటుంది. మా బృందంలో ఐదుగురం, నేనొక్కదాన్నే ఆడపిల్లను. కథలో దొరికిన మంత్రకత్తి ఎవరిదని గంటన్నర వాదించుకున్నారు. నా వంతు వచ్చేసరికి గొంతు పెద్దగా ఉన్నవాడే నా బదులు జవాబు చెప్పేశాడు. పాచిక చేతికి రావడమే నాకు అక్కడ గెలుపు.

కథ నడిపేవాడు, వరంగల్:
తప్పు అక్కడ కథ నడిపినవాడిది. నేనూ చేసిన తప్పే. ఇప్పుడు వరుసగా పేరు పెట్టి అడుగుతున్నాను.

క్యారమ్స్ మనిషి, హనుమకొండ:
ఈ ఆదివారం నన్నూ కూర్చోమన్నారు. పడవవాడి పాత్ర ఇచ్చారు. వాగు దాటించడానికి మేనల్లుడి దగ్గర ఎంత అడగాలో ఆలోచిస్తున్నాను. మూట పోయింది కదా, వాడి దగ్గర చిల్లిగవ్వ లేదు.