మిశ్ర చాపు తాళం వచ్చేసరికి పిల్లల అడుగు తప్పుతోంది, మీరెలా నేర్పిస్తారు?

నమస్తే అండీ. విజయనగరంలో మేడ మీద అద్దె గదిలో పన్నెండుమంది పిల్లలకు కూచిపూడి చెబుతుంటాను. ఈసారి పాత ఐటమే మళ్లీ వేయించకుండా, మన జానపద ఆట తప్పెటగుళ్ల ఊపు కలిపి కొత్తది కూరుస్తున్నాను.

చిక్కంతా తాళం దగ్గరే. ఆది తాళం 8 అక్షరాలు (అంటే లెక్కలు) కళ్లు మూసుకుని వేసేస్తారు. మధ్యలో మిశ్ర చాపు పెట్టాను, 7 అక్షరాలు: తకిట (3), తకధిమి (4). నోటితో గడగడా చెబుతారు. కాళ్లు కలపగానే తకిట చివర ఒక అడుగు ఎక్కువ పడి, అదీ తకధిమి అయిపోతుంది. ఏడు బేసి కదా, ఒక్కో అడుగూ మార్చి వేస్తుంటే ప్రతి ఆవర్తనానికీ (తాళం ఒక చుట్టుకీ) మొదలుపెట్టే కాలు మారిపోతుంది. తికమక అక్కడే అనుకుంటున్నా. నిన్న ఒక పాప నా చేతిలో తాళం కొట్టే కర్ర వైపే చూస్తూ, దెబ్బ పడ్డాకే కాలు వేస్తోంది. లెక్క తనలో లేదన్నమాట.

'వీడియో పెట్టండి మేడమ్' అంటారు తల్లులు. పెడితే, ఎదురుగా చూసి చేసేవాళ్లకు కుడి ఎడమలు తారుమారవుతాయి!

చేత్తో తాళం వేయిస్తూ నడిపించడం ముందా, అడుగు ముందా? ఇంకోటి, గట్టి టైల్స్ నేల కాబట్టి మోకాళ్లకు భయపడి గెంతులు తగ్గించాను. దాంతో తప్పెటగుళ్ల కళే పోయింది. శ్రీకాకుళం వైపు ఆ ఆట ఆడేవాళ్లుంటే, గెంతాక బరువు ఎలా దించుతారో కాస్త చెబుతారా? ప్రోగ్రామ్‌కు మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.