పట్టేసిన పాత ఇంజిన్‌కు విలువ కట్టేది దేన్ని చూసి: నంబరునా, లోహాన్నా?

కొత్తచేయి:
1966 నాటి జాగ్వార్ ఇ-టైప్ కొనాలనుకుంటున్నాను. 4.2 లీటర్ల ఇంజిన్ ఏళ్ల తరబడి కదలక పట్టేసింది. అమ్మే ఆయన మాత్రం ‘నంబర్లన్నీ కలుస్తాయి, ఒరిజినల్ ఇంజిన్’ (ఇంజిన్ మీదా, కారు పలక మీదా ఒకే నంబరు) అంటూ దాని పేరుతోనే ధర బాగా పెంచుతున్నారు. దాన్ని విప్పి బాగుచేసే రీబిల్డ్‌కు ఎంత అవుతుందో తెలియకుండా ఆ మాటకు విలువ ఇవ్వవచ్చా?

కొలబద్ద:
ఇవ్వకండి. నంబరు క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే ఇంజిన్ ఇరుసును, తిప్పదు. 3.8 లీటర్ల ఇంజిన్‌లో 87 మిల్లీమీటర్లున్న బోరును (సిలిండర్ వ్యాసాన్ని) 4.2 కోసం 92కు పెంచారు, సిలిండర్లుండే పోత ఇనుప బ్లాకు పొడవు మాత్రం పెంచలేదు. దాంతో సిలిండర్ల మధ్య చోటు తగ్గింది. ఈ బ్లాకుల్లో పగుళ్లు ఎక్కువగా కనిపించేది అక్కడే. పైన మూతలా ఉండే హెడ్ తీసి, బ్లాకుకు ఒత్తిడితో పగుళ్లు పట్టే ప్రెషర్ టెస్ట్ చేయించేదాకా అది ఇంజిన్ కాదు, ఇనుప ముద్ద. ఆ లెక్కనే ధర అడగండి.

పోర్షే 911లకూ ఇదే మాట. 1968 నుంచి 1977 దాకా చాలా వాటికి మెగ్నీషియం క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ కూర్చునే పెట్టె) వాడారు. వేడికి, బిగింపుకు తట్టుకోలేక హెడ్‌ను బిగించే స్టడ్‌లు మరలతో సహా ఊడివస్తాయి. నంబరు అసలుదే అయినా కేసు నీరసించి ఉంటే ఏం లాభం?

నంబరుపలక:
కొలబద్ద గారూ, లోహం చూడాలన్న మాట నిజమే. కానీ ‘నంబరు తిప్పదు’ అంటే ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ తప్పుకు నేను మూల్యం చెల్లించాను.

నాది 1967 షెవర్లే కార్వెట్, 327 ఘనపు అంగుళాల ఇంజిన్. అందులో నంబరు కుడివైపు హెడ్‌కు ముందున్న చిన్న చదును మీద ఉంటుంది. హెడ్ కూర్చునే తలం, ఆ చదును ఒకే మట్టం. ఫ్యాక్టరీలో ఆ తలాన్ని కోసిన పనిముట్టు ముందు నుంచి వెనక్కి వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వదిలింది. నంబరును ఆ గీతల మీదే గుద్దారు. నేను బ్లాకును మెషిన్ షాపులో అప్పగించి, ‘పైతలం సరిచేయండి’ అని ఒక్క మాట అన్నాను. తిరిగి వచ్చేసరికి ఆ చోట అద్దంలా మెరుస్తూ వంపు గీతలున్నాయి. అక్షరాలు లేవు, పాత గీతలూ లేవు. బోరు కొలతలు, బేరింగులు, అన్నీ లెక్క ప్రకారం కుదిరాయి. కారు చక్కగా నడుస్తోంది. అయినా చూడవచ్చిన ప్రతివారూ ముందు భూతద్దం తీసి అక్కడే వంగుతారు. ఆ నంబరును మళ్లీ గుద్దితే అది మోసం, కాబట్టి ఆ పని చేయలేదు, చేయను కూడా.

అందుకే నా మాట ఇది: ఏ యంత్రమూ తాకకముందే నంబరును శుభ్రం చేసి, వాలు వెలుతురులో ఫొటో తీయండి. అదృష్టవశాత్తూ మీ ఇంజిన్‌లో అది పైతలం మీద ఉండదు. బ్లాకుకు కుడివైపు ఆయిల్ ఫిల్టర్ పైన ఒకటి, హెడ్ ముందు భాగంలో టైమింగ్ చైన్ దగ్గర మరొకటి ఉంటాయి. రెండూ కారు పలక మీది ఇంజిన్ నంబరుతో కలవాలి. అమ్మేవారు చెప్పారని నమ్మకండి, మీ కళ్లతో చదవండి.

ఇక లోపలి సంగతి. స్టార్టర్ జోలికి పోవద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోంచి సన్నని కెమెరా దింపండి. తుప్పు ఎన్ని సిలిండర్లలో ఉందో, వాల్వు తెరుచుకుని ఉన్న చోటే ఉందో తెలుస్తుంది. ఒక్క సిలిండర్‌లో వలయంలా మరక ఉండటం వేరు, ఆరింటిలోనూ పిస్టన్ పైన నీళ్లు నిలిచిన ఆనవాళ్లుండటం వేరు.

కొలబద్ద:
మీ బాధ అర్థమైంది, ఫొటో సంగతి నేను చెప్పాల్సింది. అయినా ఒక్కటి: పోటీల్లో తిరిగిన కార్లకు మొదటి ఇంజిన్ మిగలడమే అరుదు, అయినా వాటికి విలువ ఉంది. బ్లాకు పగిలితే ఇంకోటి వేసి నడుపుకోవాలి.

నంబరుపలక:
వేయండి, కానీ పగిలిన అసలు బ్లాకును తుక్కుకు మాత్రం ఇవ్వకండి. పోత ఇనుమును కుట్టి బాగుచేసే పనివారున్నారు. కారుతోపాటే ఉంచితే తర్వాతివారికి ఆ దారి మిగులుతుంది.

కొత్తచేయి:
నిన్న వెళ్లి కిరసనాయిలు, గుడ్డతో తుడిచాను. బ్లాకు మీద 7ఇ తో మొదలై చివర -9 ఉంది, పలకతో అక్షరం అక్షరం కలిసింది. హెడ్ మీద మాత్రం 7ఎల్ అని ఉంది!

నంబరుపలక:
7ఎల్ అంటే జాగ్వార్‌దే మరో కారు, ఎక్స్‌జె6 సెలూన్, ఇంజిన్ నంబర్ల వరుస. 1968లో వచ్చిన కారు హెడ్ 1966 ఇంజిన్ మీద కూర్చుందంటే, దీన్ని ఇంతకుముందే ఎవరో విప్పారు. ఎందుకు మార్చారో అడగండి: వేడెక్కి అసలు హెడ్ వంగి ఉంటే బ్లాకూ అదే వేడిని చూసి ఉంటుంది. ‘అన్నీ కలుస్తాయి’ అన్న ధర ఇక నిలవదు. బ్లాకు నంబరుకు విలువ ఇవ్వండి, హెడ్‌కు మామూలు హెడ్ ధరే ఇవ్వండి. ప్రెషర్ టెస్ట్‌లో బ్లాకు నిలిస్తేనే మిగతా సొమ్ము అని కాగితం మీద రాయించుకోండి.

కొలబద్ద:
ఈ షరతుకు నేనూ సరే. టెస్ట్ నాడు నాలుగో సిలిండర్ పక్క గోడ ఎలా ఉందో తప్పక రాయండి.